నీళ్లు కట్టేయాలంటే ఏ వాల్వు తిప్పాలి?

కరోల్ బాగ్‌లో నాలుగంతస్తుల ఇల్లు. రాత్రి పదకొండు గంటలు. రెండో అంతస్తులో వాష్‌బేసిన్ కింది గొట్టం ఊడిపోయి నీళ్లు చిమ్ముతున్నాయనుకుందాం. అద్దెకున్న కుర్రాడు పరుగున మెట్లు దిగి, గేటు పక్కన మీటరు దగ్గరున్న వాల్వు బిగిస్తాడు. పైకొచ్చి చూస్తే నీళ్లు అలాగే పోతుంటాయి. వాల్వు బాగానే ఉంది. అతను ఆపింది వీధి గొట్టంలోని నీటిని. గదిలో పారుతున్నది మిద్దె మీది ట్యాంకు నీరు.

సివిల్స్ కోచింగ్ కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీ వెళ్లే విద్యార్థులు ఎందరో కరోల్ బాగ్, పాత రాజిందర్ నగర్‌లలో ఇలాంటి ఇళ్లలోనే ఉంటారు. ఈ పేటలకు చంద్రావల్ శుద్ధి కేంద్రం నుంచి ఢిల్లీ జల్ బోర్డు నీరు అందుతుంది. అది రోజంతా రాదు, వేళకు వస్తుంది. వచ్చినప్పుడు కింది ట్యాంకులో పట్టి, మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. అక్కడి నుంచి గురుత్వాకర్షణ బలంతో కుళాయిలకు దిగుతుంది. హైదరాబాద్‌లో సంపు, మోటారు, ట్యాంకు ఉన్న ఇళ్లదీ ఇదే పద్ధతి.

రోజంతా ఒత్తిడితో నీరు వచ్చే ఊళ్లలో వీధి గొట్టం ఇంట్లోకి అడుగుపెట్టే చోట ఒక్క ప్రధాన వాల్వు ఉంటే సరిపోతుంది. మన ఇళ్లకు నీరు రెండు వైపుల నుంచి వస్తుంది కాబట్టి ప్రధాన వాల్వులు కూడా కనీసం రెండు ఉండాలి: వీధి నీటికి ఒకటి, ట్యాంకు నీటికి ఒకటి.

ఆలస్యం ఖరీదు

పది మీటర్ల ఎత్తున్న నీటి మట్టం కింద సుమారు ఒక బార్ ఒత్తిడి కలిగిస్తుంది. అరంగుళం గొట్టం తెగి, నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతోనే పారుతోందనుకున్నా నిమిషానికి 20 లీటర్లకు పైగా పోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు గంటలోపే ఖాళీ. ఆ నీరు శ్లాబులోంచి కింది వాటాలోకి, స్విచ్‌బోర్డుల్లోకి దిగితే విద్యుత్ ప్రమాదం కూడా తోడవుతుంది.

ఏ రకం వాల్వు?

పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది గుండ్రటి చక్రం ఉన్న ఇత్తడి గేటు వాల్వు. చక్రాన్ని చాలాసార్లు తిప్పితే లోపలి పలక కిందికి దిగి దారి మూస్తుంది. కఠిన జలంలోని కాల్షియం లవణాలు ఆ పలక కూర్చునే గాడిలో పేరుకుంటాయి. ఏళ్ల తరబడి కదల్చని వాల్వు అవసరం పడిన రోజున పూర్తిగా మూసుకోదు. బలవంతంగా తిప్పితే కాడ విరుగుతుంది.

బాల్ వాల్వులో రంధ్రమున్న గోళం ఉంటుంది. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. పిడి గొట్టానికి సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లోనూ తడిమి తెలుసుకోవచ్చు. గోళంలోని రంధ్రం గొట్టమంత వెడల్పుగా ఉండే ‘ఫుల్ బోర్’ రకమైతే నీటి ఒత్తిడి దాదాపు తగ్గదు. ట్యాంకు నీటి ఒత్తిడే తక్కువ గనుక పై అంతస్తుకు ఇది ముఖ్యం. అయితే బాల్ వాల్వును సగం తెరిచి వాడకూడదు. ఇరుకు సందులోంచి దూసుకెళ్లే నీరు గోళం చుట్టూ ఉన్న సీలును అరగదీస్తుంది.

పిడిని దభాలున మూయడమూ మంచిది కాదు. ఇనుప గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీటిని ఒక్కసారిగా ఆపితే క్షణకాలం సుమారు 12 బార్ల ఒత్తిడి పుడుతుంది. గొట్టం ‘ఠంగు’మనేది అందుకే. దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. ప్లాస్టిక్ గొట్టాల్లో దెబ్బ తక్కువగా ఉంటుంది. నాలుగైదు సెకన్ల పాటు నెమ్మదిగా మూస్తే చాలు.

ఎక్కడ పెట్టాలి?

మొదటిది మీటరు దాటిన వెంటనే. దాని పక్కనే నాన్-రిటర్న్ వాల్వు ఉండాలి. సరఫరా ఆగిన వేళ వీధి గొట్టంలో ఒత్తిడి పడిపోతే ఇంటి నీరు వెనక్కి పోకుండా అది అడ్డుకుంటుంది. వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగించడం నిషిద్ధం. అలా లాగితే గొట్టం పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరే ప్రమాదం ఉంది.

రెండోది ట్యాంకు నుంచి నీరు దిగే ప్రతి గొట్టం మొదట్లో. వంటగదికి, స్నానాలగదికి వేర్వేరు గొట్టాలు దిగే ఇళ్లలో ఒక్కోదానికి ఒక్కో వాల్వు కావాలి. మిద్దె మీది ఎండకు మామూలు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. కాబట్టి అక్కడ ఇత్తడి వాల్వు నయం, లేదా ప్లాస్టిక్ వాల్వుకు నీడ కల్పించాలి.

మిద్దె తలుపుకు రాత్రిపూట తాళం పడితే ఆ వాల్వు ఉన్నా లేనట్టే. అందుకే మూడోది ప్రతి వాటాలోకి గొట్టం ప్రవేశించే చోట, చేతికందే ఎత్తులో ఉండాలి. టైల్స్ వెనక దాచకూడదు. పక్కన యూనియన్ బిగిస్తే వాల్వు మార్చాల్సినప్పుడు గొట్టం కోయనక్కర్లేదు. కొన్ని వంటగదుల్లో తాగునీటికి వీధి గొట్టం నుంచే ఒక కుళాయి ఉంటుంది. ఆ వాటాలో రెండు నీళ్లూ పారుతుంటాయన్నమాట.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. ఇత్తడి గేటు వాల్వుల వంటి వాటికి ఐఎస్ 778 ప్రమాణం ఉంది. నాసిరకం ఇత్తడిలోని జింకు నీటికి కరిగిపోయి లోహం గుల్లబారుతుంది.

ఒక్క ఆదివారం చాలు

బిగించాక చేయాల్సింది కొంచెమే. ఆరు నెలలకోసారి ప్రతి వాల్వునూ మూసి తెరవాలి. మోటారు ఆగి ఉన్నప్పుడే ఆ పని చేయాలి. ఒక్కో వాల్వు మూసినప్పుడు ఏయే కుళాయిలు ఆగాయో చూసి, ‘వీధి నీరు’, ‘ట్యాంకు: రెండో అంతస్తు వంటగది’ అని చీటీ కట్టాలి. అద్దెకు వచ్చినవారికి తాళంచెవితో పాటు ఆ వాల్వులనూ చూపించాలి. అప్పుడు ఆ రాత్రి కుర్రాడు మెట్లు దిగనక్కర్లేదు. తన వాటా గుమ్మం పక్కనే పిడి తిప్పి, ప్లంబరు కోసం తెల్లారేదాకా ఆగొచ్చు.