గుండెపోటు – మన కర్తవ్యము

ఛాతీలో నొప్పి అనగానే మన ఇండ్లలో తొలుత వినిపించు మాట "గ్యాసు పట్టింది" అనునదే. వాము నమిలింతుము, సోడా త్రాగింతుము, తెల్లవారిన పిదప చూతమందుము. గుండెపోటు వచ్చినవారి ప్రాణమునకు ముప్పు తెచ్చునది పెక్కుమారులు ఈ ఆలస్యమే.

గుండె దేహమంతటికి రక్తమును పంపుచున్నను, తనకు వలయు రక్తమును మాత్రము తనపై అల్లుకొనియున్న హృదయ ధమనుల నుండియే పొందును. ఆ ధమనుల లోగోడలలో ఏండ్ల తరబడి పేరుకొనిన కొవ్వు ఒకనాడు చిట్లినచో, అచట రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోవును. రక్తమందని గుండె కండరము అరగంటలోపుననే నశింపసాగును. కొన్ని గంటలలో చాలభాగము చచ్చిపోవును. చచ్చిన కండరము మరల పుట్టదు.

ఛాతీ నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు నొప్పి కలుగుట, అది ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమటలు, ఆయాసము, వాంతి – ఇవి ముఖ్య లక్షణములు. స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహము కలవారిలో నొప్పి స్వల్పముగా ఉండవచ్చును, అసలే లేకపోవచ్చును. వారికి ఆయాసమో, కారణము తెలియని నీరసమో మాత్రమే సూచన కావచ్చును.

అట్టి వేళ రోగిని నడువనీయరాదు, వాహనము నడుపనీయరాదు. వెనుకకు ఆనుకొని కూర్చుండునట్లు చేసి, వెంటనే 108కి ఫోను చేయవలెను. 2005లో హైదరాబాదులో ప్రారంభమైన ఈ అంబులెన్సు సేవ నేడు ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఉచితముగా లభించుచున్నది. ఆస్పిరిన్ పడనివారికి, రక్తస్రావము కలవారికి తప్ప, వైద్యుల సలహాపై 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలింపవచ్చును. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, అవసరమైనచో గడ్డను కరిగించు మందు ఇత్తురు; లేదా ఆంజియోప్లాస్టీతో ధమనిని తెరతురు. ఆ మందు తొలి గంటలలో ఇచ్చినపుడే మిక్కిలి ఫలించును. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నంత మాత్రమున ఇంటికి మరలరాదు. వైద్యులు మరల పరీక్షింపవలసి ఉండును.

రోగి స్పృహ తప్పి, శ్వాస ఆగినచో గుండె ఆగినదనియే తలచి, రొమ్ము నడుమ ఒక అరచేతిపై మరొక అరచేతిని ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 మారులు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండ, 6 సెంటీమీటర్లు మించకుండ నొక్కవలెను. సహాయము చేరువరకు ఆపరాదు.

చదువుకొన్నవారమని ఇంటిలో పెద్దలు సైతము మన మాట విందురు. ఆ మాట "తెల్లవారనిండు" అనునది కారాదు. నొప్పి గ్యాసుదో, గుండెదో తేల్చుట వైద్యుని పని. ఆయన కడకు వేగముగా చేర్చుట మన పని. అది గ్యాసే అని తేలినచో మనకు పోయినది ఒక్క రాత్రి నిద్ర మాత్రమే.