ఆడకుండా వదులుకున్న కప్పు

1974 మే నెలలో కలకత్తా పచ్చిక మైదానంలో భారత, ఆస్ట్రేలియా టెన్నిస్ జట్లు తలపడ్డాయి. అయిదు మ్యాచ్‌లు ముగిసేసరికి మొత్తం 327 గేములు జరిగాయి. డేవిస్ కప్ చరిత్రలో అదొక రికార్డు. భారత్ 3-2తో నెగ్గింది. తరువాత పూనాలో సోవియట్ యూనియన్‌ను 3-1తో ఓడించి ఫైనల్ చేరింది. మద్రాసు సోదరులు విజయ్, ఆనంద్ అమృతరాజ్‌లు ఈ జైత్రయాత్రకు మూలస్తంభాలు. అప్పటికి విజయ్ వయస్సు ఇరవై సంవత్సరాలే.

కాని ఫైనల్‌లో ప్రత్యర్థి దక్షిణాఫ్రికా. చర్మపు రంగును బట్టి మనుషుల హక్కులను నిర్ణయించిన నాటి ఆ ప్రభుత్వంతో భారతదేశం 1946లోనే వాణిజ్య సంబంధాలను తెంచుకున్నది. వ్యాపారమే కూడదన్న దేశంతో ఆట మాత్రం కూడునా?

వింబుల్డన్‌లో ఆటగాడు తన కోసం తాను ఆడతాడు. డేవిస్ కప్‌లో ఆ స్వేచ్ఛ లేదు. దేశం పేరు నమోదు చేయడం, జట్టును ఎంపిక చేయడం, అవసరమైతే పోటీనుంచి వైదొలగడం జాతీయ సంఘం చేతిలోని పనులు. 1920లో ఏర్పడిన అఖిల భారత లాన్ టెన్నిస్ సంఘం మరుసటి సంవత్సరమే భారత జట్టును ఈ పోటీలో ప్రవేశపెట్టింది. ఆ సంఘమే 1974లో, ప్రభుత్వ విధానానికి కట్టుబడి, ఫైనల్ ఆడరాదని నిర్ణయించింది.

కప్పు దక్షిణాఫ్రికాకు దక్కింది. అంతవరకు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలు తప్ప వేరెవరూ గెలువని కప్పు అది. ఒక్క బంతి కూడా కొట్టకుండానే ఆ వరుసలో అయిదవ పేరు చేరింది.

సంఘం చేసిన త్యాగమని చెప్పుకోవడం తేలిక. మూల్యం చెల్లించినవారు మాత్రం ఆటగాళ్ళు. ఉద్యోగికి పదవి మళ్ళీ రావచ్చు. క్రీడాకారుని యౌవనం మళ్ళీ రాదు. భారత్ తిరిగి ఫైనల్ చేరడానికి 1987 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి విజయ్‌కు ముప్పైనాలుగేళ్ళు. గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ 5-0తో గెలిచింది.

దక్షిణాఫ్రికా 1992లో డేవిస్ కప్‌కు తిరిగివచ్చింది. 1994లో అక్కడ అన్ని జాతుల ప్రజలూ కలిసి ఓటు వేశారు. భారత్‌కు ఆ కప్పు నేటికీ దక్కలేదు. అయినా 1974లో మన జట్టు ఓడిపోయిందని అనడానికి మాత్రం నోరు రాదు.