ఆసుపత్రే రోగాన్ని పంచితే?

2020 జనవరి మూడో వారంలో దక్షిణ కొరియాలోనూ అమెరికాలోనూ తొలి కొవిడ్ రోగి ఇంచుమించు ఒకేసారి బయటపడ్డారు. అంతకు మూడు నెలల ముందే వెలువడిన ప్రపంచ ఆరోగ్య భద్రత సూచీలో అమెరికాది మొదటి స్థానం, కొరియాది తొమ్మిదోది. మార్చి మధ్యకల్లా కొరియా రెండున్నర లక్షలకు పైగా పరీక్షలు చేసేసింది. అమెరికాలో మాత్రం జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లకు కూడా టెస్టు దొరకడం గగనంగానే ఉంది. ఎందుకిలా?

కారణం తెలియాలంటే 2015కి వెళ్లాలి. ఆ ఏడాది మే నెలలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక ప్రయాణికుడి ద్వారా మెర్స్ వైరస్ కొరియాలో అడుగుపెట్టింది. జబ్బేమిటో తేలేలోగా ఆయన ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగాడు. కిక్కిరిసిన ఎమర్జెన్సీ వార్డులు, ఒకే గదిలో నలుగురైదుగురు రోగులు, మంచం పక్కనే రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే ఇంటివాళ్లు. మన పెద్దాసుపత్రుల్లో రోగి వెంట వచ్చినవాళ్లు వరండాలో చాపలు పరుచుకోవడం చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. దాదాపు అందరికీ అంటుకున్నది ఆసుపత్రుల్లోనే. ప్రభుత్వం మొదట ఆ ఆసుపత్రుల పేర్లు బయటపెట్టలేదు. జనం మండిపడ్డారు. మండిపడటం న్యాయమే.

ఆ కోపం చట్టాన్ని మార్చింది. అంటువ్యాధి వేళ సమాచారం దాచకూడదన్నారు. టెస్టు కిట్లకు అత్యవసర అనుమతి ఇచ్చే వీలు కల్పించారు. అందుకే 2020 జనవరి 27న, దేశంలో నాలుగే కేసులున్నప్పుడు, అధికారులు సియోల్ రైల్వే స్టేషన్‌లో ఇరవైకి పైగా కంపెనీలను కూర్చోబెట్టి కిట్లు తయారు చేయమన్నారు. ఫిబ్రవరి 4న తొలి కిట్‌కు అనుమతి వచ్చింది. అమెరికాలో కేంద్ర సంస్థ పంపిన కిట్లలో లోపం బయటపడింది. ఆసుపత్రుల ల్యాబ్‌లు సొంత టెస్టులు వాడుకోవడానికి ఫిబ్రవరి 29 దాకా దారి తెరుచుకోలేదు.

కిట్లకన్నా ముఖ్యమైనది, నా దృష్టిలో, అనుమానితులను ఆసుపత్రి గడప తొక్కనివ్వకుండా బయటే టెంటు వేసి పరీక్షించడం. కారు దిగకుండానే నమూనా ఇచ్చి వెళ్లే ఏర్పాటు కూడా ఆ ఆలోచనలోంచి వచ్చిందే.

ఆ జాగ్రత్త లేనిచోట ఏమవుతుందో ఇటలీలో కనిపించింది. అక్కడి లొంబార్డీ ప్రాంతంలో ఆసుపత్రులు అధునాతనమైనవి, వైద్యులు నిపుణులు. కానీ వ్యవస్థంతా ఆసుపత్రి చుట్టూనే అల్లుకుంది. రోగులు అక్కడికే పోటెత్తారు. ఆసుపత్రులే వైరస్‌ను మోసుకెళ్తుండొచ్చని బెర్గామో వైద్యులు 2020 మార్చిలోనే రాశారు. పొరుగునే ఉన్న వెనెటో ఇళ్ల దగ్గర వైద్యాన్ని, స్థానిక ప్రజారోగ్య సిబ్బందిని ఎక్కువగా నమ్ముకుంది. అక్కడి వో అనే ఊళ్లో మూడు వేల పైచిలుకు జనంలో దాదాపు అందరికీ పరీక్షలు చేశారు. ఒకే దేశం, ఒకే చట్టం, పక్కపక్క ప్రాంతాలు. తొలి ఉప్పెనలో వెనెటోకు జరిగిన నష్టం లొంబార్డీకన్నా చాలా తక్కువ.

కొరియా అంతటా సవ్యంగా నడిచిందనుకోవద్దు. ఫిబ్రవరి చివర్లో దేగు నగరంలో కేసులు ఒక్కసారిగా పెరిగాయి. పాజిటివ్ వచ్చిన ప్రతివారినీ ఆసుపత్రిలో చేర్చాలన్న నియమంతో పడకలు నిండిపోయాయి. పడక కోసం ఎదురుచూస్తూ ఇళ్లలోనే కొందరు ప్రాణాలు విడిచారు. ఆ దేశంలో పడకల్లో సింహభాగం ప్రైవేటువే. రోగుల భారం మాత్రం ఎక్కువగా ప్రభుత్వాసుపత్రుల మీదే పడింది. మార్చి మొదట్లో దారి మార్చారు. లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లను శిక్షణ కేంద్రాలకు, వసతి గృహాలకు పంపి, పడకలను ప్రాణాపాయంలో ఉన్నవారికి ఉంచారు.

మరి దేశాలను ఏ లెక్కతో పోల్చాలి? ప్రకటించిన మరణాలతో పోలిస్తే పొరబడతాం. పెరూ 2021 మే 31న తన కొవిడ్ మృతుల సంఖ్యను సుమారు 69 వేల నుంచి లక్షా 80 వేలకు సవరించింది. అలా కలిసినవాళ్లు ఆ రోజు కొత్తగా పోయినవాళ్లు కారు, అంతకుముందు లెక్కకు ఎక్కనివాళ్లు. అందుకే మామూలు ఏడాదిలో ఎందరు పోతారో చూసి, ఆపైన ఎందరు పోయారో లెక్కగడతారు. ఇందుకు మరణాల నమోదు సరిగా ఉండాలి. 2020లో భారతదేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి 22.5 శాతమే. 2020, 2021లలో మన దేశంలో అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది, అధికారిక కొవిడ్ లెక్క ఐదు లక్షల లోపే. కేంద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. ఆ వివాదం తేల్చగల కాగితాలు లక్షల ఇళ్లలో పుట్టనే లేదు.