వార్తల్లో పదం: లాజికల్ వాల్యూమ్

యూనిక్స్ సర్వర్లో విడివిడి డిస్కులను ఒక వాల్యూమ్ గ్రూపుగా కలిపి, అందులోంచి అవసరమైనంత చోటు కేటాయిస్తే అదే లాజికల్ వాల్యూమ్. ఈ పద్ధతి ఐబీఎం ఏఐఎక్స్‌లో ముందే ఉంది. లినక్స్‌కు దీన్ని 1998లో హైంజ్ మావెల్స్‌హాగెన్ రాశారు.

చోటు చాలకపోతే డిస్క్ చేర్చి, ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో వాల్యూమ్ పెంచుతారు. అయినా డీఎఫ్ కమాండ్ కొడితే పాత సైజే కనిపిస్తుంది! లోపలి ఫైల్ సిస్టమ్‌నూ పెంచాలి మరి: ఈఎక్స్‌టీ4కు రీసైజ్2ఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్‌కు ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్. సర్వర్ ఆపక్కర్లేదు.

తగ్గించడమే ప్రమాదం. ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేసి, ముందు ఫైల్ సిస్టమ్‌ను, ఆ తర్వాతే వాల్యూమ్‌ను కుదించాలి. వరస తప్పితే డేటా పోతుంది. ఎక్స్ఎఫ్ఎస్‌ను కుదించడం దాదాపు కుదరదు. అందుకే గ్రూపులోని చోటంతా మొదటిరోజే పంచేయకూడదు. మిర్రరింగ్ లేకుండా డిస్కులు కలిపితే ఒక్కటి పాడైనా దానిపై పరుచుకున్న వాల్యూములన్నీ దెబ్బతింటాయి; బ్యాకప్ తప్పనిసరి.