ఆటగాండ్ర కల్పనలు – స్వామ్యవిచారము

మా హోసూరు ప్రాంతమున తెలుగు ఇంటిలోను, బడిలోను బ్రతుకుచున్న భాష. అంగడి బోర్డులపై వేఱొక లిపి. కార్యాలయములలో వేఱొక భాష. ఇట్టిచోట తొమ్మిదవ తరగతి చదువుచున్న మా విద్యార్థి యొకడు ఒక కంప్యూటరు ఆటలో మా ఊరి తేరుపండుగను నిర్మించెను. తేరు, కోనేరు, బొరుగుల అంగడి, తెలుగు లిపిలో వీథుల పేర్లు అన్నియు అందు గలవు. వాని అవ్వ చెప్పిన కథయే ఆ ఆటకు కథ. దానిని ఆ ఆట తయారుచేసిన కంపెనీవారి వెబ్‌సైటులో ఉంచెను. కొన్ని నెలలకు ఆ తేరువీథియే కంపెనీవారి ప్రకటనచిత్రములో కనబడెను. బాలుని పేరు మాత్రము ఎచ్చటను లేదు. “అయ్యవారూ, అది నాదా, వాండ్లదా?” అని వాడు నన్నడిగెను. నాకు వెంటనే సమాధానము తోపలేదు. తరువాత చదివి తెలిసికొన్న విషయములను పెద్దల యెదుట ఉంచుచున్నాను.

ముందుగా విషయస్వరూపమును తెలిసికొందము. నేటి ఆటలు పెక్కింటితోపాటు నిర్మాణసాధనము కూడ లభించును. దానితో ఆటగాడు క్రొత్త ప్రదేశములను, పాత్రలను, కథలను కూర్చవచ్చును. వీనిని మ్యాపులనియు, మోడ్‌లనియు వ్యవహరింతురు. ఇట్టి కల్పనలో మూడు పొరలు గలవు. మొదటిది కంపెనీది, అనగా ప్రోగ్రాము, బొమ్మలు, ధ్వనులు, మూలకథ. రెండవది ఆటగానిది, అతడు స్వయముగా అల్లిన కథ, గీసిన బొమ్మ, కూర్చిన అమరిక. మూడవది ఒప్పందము, వెబ్‌సైటులో చేరునప్పుడు మనము చదువకయే అంగీకరించు షరతులు. వివాదములు ఈ మూడింటి కలయిక నుండియే పుట్టుచున్నవి.

మొదటి పొర యెంత బలమైనదో అమెరికాలోని ఒక తీర్పు తెలుపును. 1996లో వెలువడిన ‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ అను ఆటతో నిర్మాణసాధనము నిచ్చి, ఆటగాండ్రు తమ కల్పనలను అంతర్జాలమున ఉంచుటను ఫార్మ్‌జెన్ కంపెనీవారు ప్రోత్సహించిరి. అవి ఇతరులకు ఉచితముగానే అందవలెనని నియమము. మైక్రోస్టార్ అను వేఱొక సంస్థ అట్టివి 300 ఏరి, ‘న్యూక్ ఇట్’ అను పేర సీడీగా అమ్మెను. ఆ కల్పనల ఫైళ్లలో కంపెనీ బొమ్మ ఒక్కటియు లేదు. ఏ బొమ్మ ఎచ్చట కనబడవలెనో తెలుపు సూచనలు మాత్రమే గలవు. అయినను అవి మూలనాయకుని క్రొత్త కథలే కనుక, మూలకృతికి ఉత్తరకథలను వెలయించు హక్కు స్వామిదే యని 1998లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను. తద్భవపదము సంస్కృతమునుండి పుట్టినను తెలుగుపదమే యగును. చట్టమున తద్భవకృతికి అంతటి స్వేచ్ఛ లేదు. మఱియొకటి గమనింపదగును. వ్యాజ్యము వ్యాపారసంస్థల నడుమ జరిగినది. ఆ 300 కల్పనలను కూర్చిన ఆటగాండ్రు అందు వాదులును గారు, ప్రతివాదులును గారు.

రెండవ ఉదాహరణము ‘డోటా’. బ్లిజర్డ్ కంపెనీ 2002లో వెలువరించిన ‘వార్‌క్రాఫ్ట్ 3’ ఆటలో, 2003లో యూల్ అను మారుపేరుగల ఆటగాడొకడు దీనిని నిర్మించెను. 2004లో అతడు దానిని విడిచి, ఇతరులు కొనసాగించుకొనవచ్చునని బహిరంగముగా వ్రాసెను. పిదప అది పలువురి చేతులలో పెరిగెను. వారిలో ఐస్‌ఫ్రాగ్ అను నతడు 2009లో వాల్వ్ కంపెనీలో చేరెను. ఆ పేరు ఎవరిదని రెండు కంపెనీలును పోరాడి, 2012లో రాజీపడెను: వ్యాపారమున ఆ పేరు వాల్వ్‌వారిది, ఆటగాండ్రు కూర్చు మ్యాపులకు ఆ పేరు వాడు వీలు బ్లిజర్డ్‌వారిది. ‘డోటా 2’ 2013లో విడుదలయ్యెను. 2017లో కాలిఫోర్నియా ఫెడరల్ న్యాయస్థానమున నడచిన వేఱొక వ్యాజ్యములో, యూల్ 2004లో వ్రాసిన ఆ కొద్ది వాక్యముల అర్థమేమి యను చర్చ జరిగినది. ఆటలో వ్రాసిన మాట పదుమూడేండ్లకు న్యాయస్థానమెక్కినదన్నమాట! 2020లో ‘వార్‌క్రాఫ్ట్ 3’ను మరల వెలువరించినప్పుడు, ఆటగాండ్రు అందు కూర్చు కల్పనలన్నియు తమ సొత్తే యని బ్లిజర్డ్‌వారు షరతు వ్రాసికొనిరి.

అన్ని కంపెనీలును ఇట్లే యుండవు. ‘సెకండ్ లైఫ్’ అను కల్పితలోకమును నడపు లిండెన్ ల్యాబ్‌వారు 2003లో, నివాసులు సృష్టించిన వస్తువులపై మేధాస్వామ్యము వారికే యుండునని ప్రకటించిరి. నేడు తఱచుగా కనబడునది ఈ రెంటికి నడుమనున్న పద్ధతి: స్వామ్యము ఆటగానిదే, కాని కంపెనీకి శాశ్వతముగా, ప్రపంచమంతట, ఉచితముగా వాడుకొను లైసెన్సు. “పొలము నీదే, మాకు ఎన్నటికిని తీరని ఉచిత కౌలు” అన్నట్లు. కావున “స్వామ్యము మీదే” అను వాక్యము చూచి సంతసించుట చాలదు. దాని క్రింది వాక్యమును చదువవలెను.

ఇక మన దేశచట్టము. 1957 కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము సాధారణముగా కర్తయే ప్రథమస్వామి. కాపీరైటు కలుగుటకు వయస్సుతో పనిలేదు. 19వ సెక్షను ప్రకారము హక్కు బదిలీ లిఖితపూర్వకముగా, సంతకముతో జరుగవలెను. కాలపరిమితి చెప్పనిచో అయిదేండ్లు, ప్రదేశము చెప్పనిచో భారతదేశము మాత్రమే యని భావింపబడును. 57వ సెక్షను మిక్కిలి ముఖ్యమైనది. హక్కు బదిలీ చేసిన తరువాతను ఆ కృతికి తానే కర్తనని చెప్పుకొను హక్కు కర్తకు నిలిచియుండును. బాలుర విషయమున మఱియొక రక్షణ గలదు. 1872 ఒప్పందముల చట్టము 11వ సెక్షను ప్రకారము మైనరు ఒప్పందము చేసికొనుటకు అర్హుడు కాడు. అట్టి ఒప్పందము చెల్లదని ప్రివీ కౌన్సిలు 1903లో మోహరీ బీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కాని పెక్కు షరతులలో విదేశీ చట్టమే వర్తించునని, విదేశీ న్యాయస్థానమే శరణ్యమని వ్రాసియుందురు. చట్టము మనవైపున నున్నను దారి సుగమము కాదు.

మా బాలుని సంగతికి వచ్చెదను. వాడు ఖాతాను తండ్రి పేర తెరచెను. అందుచే మైనరు వాదమునకు బలము తగ్గెను. షరతులలో ఉచిత లైసెన్సు గలదు. పేరు తెలుపనక్కఱలేదన్న మాటయు గలదు. వాని తండ్రితో కలసి జాబు వ్రాసితిమి. షరతులప్రకారమే చేసితిమని మర్యాదగా బదులు వచ్చెను, పేరు చేర్పలేదు. నేను వానికి చెప్పిన సమాధానమిది: “నీవు గీసిన తేరు నీదే, నాయనా. కాని దానిని వాడుకొనుటకు నీవే తాళపుచెవి ఇచ్చితివి.” అదృష్టవశమున తేరు బొమ్మలును, అవ్వ గొంతుతో పట్టిన కథయు ఇంటి కంప్యూటరులో వేఱుగా నుండెను. వానితోనే వాడు బడి వార్షికోత్సవమునకు ఒక ప్రదర్శనము కూర్చెను. మొదట అవ్వ పేరు, తరువాత తన పేరు వ్రాసెను.

తల్లిదండ్రులకు నా విన్నపములు ఇవి. పిల్లలు స్వయముగా గీసిన బొమ్మలు, వ్రాసిన కథలు, పాడిన పాటలు ముందుగా ఇంట తేదీతో భద్రపఱచి, పిదప ఆటలో చేర్పనిండు. కంపెనీ తన సైటును మూసివేసినచో అచ్చట మాత్రమే యున్నది దక్కదు. షరతులలో స్వామ్యము, లైసెన్సు, కర్త పేరు అను మూడు విషయముల భాగమునైనను పెద్దలు చదివి చెప్పవలెను. పలువురు కలసి కూర్చినప్పుడు ఎవరి భాగ మేదో ఆనాడే వ్రాసి యుంచుకొనవలెను.

మన సాహిత్యమున కృతికర్త వేఱు, కృతిభర్త వేఱు. కృతిని అంకితమందిన రాజు భర్త యగును. అంతమాత్రమున కవి పేరు చెఱిగిపోలేదు. రాజరాజనరేంద్రుని తలచినచోట నన్నయను తలపకుండ నుండలేము. సొంత రాష్ట్రమునకు వెలుపల నున్న మనకు తెలుగు పలుకునట్టి ప్రతి చోటును విలువైనదే. మన పిల్లలు ఆటలోనైనను తెలుగు వీథి నొకదానిని కట్టినచో, అది ఎవరు కట్టిరో తెలియవలెను. ఆ పేరును నిలుపు భారము మొదట మనదే యని పెద్దలు తలంతురు గాక.