తెరచాప పడవలో ఇంటర్నెట్

భారత నౌకాదళానికి చెందిన తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులతో గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న మళ్ళీ గోవా చేరింది. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉండటం తెలుగువారందరికీ గర్వకారణం. 56 అడుగుల ఆ పడవ నడిసముద్రంలో ఉన్నా ఉపగ్రహాల ద్వారా తీరంతో మాట్లాడగలిగింది. 2017 దీపావళికి ప్రధానమంత్రి వీడియో కాల్‌లోనే సిబ్బందికి శుభాకాంక్షలు చెప్పారు.

తీరానికి దగ్గరగా ఉన్నంతసేపు మొబైల్ టవరే ఆధారం. అయితే భూమి గుండ్రంగా ఉన్నందువల్ల, 40 మీటర్ల టవర్ నుంచి వచ్చే సిగ్నల్ లెక్క ప్రకారం నీటిమట్టానికి మీటరు ఎత్తున ఉన్న ఫోనుకు సుమారు 30 కిలోమీటర్ల వరకే అందుతుంది. అదే 25 మీటర్ల తెరచాప స్తంభం కొసన యాంటెన్నా బిగిస్తే ఆ దూరం దాదాపు 47 కిలోమీటర్లకు పెరుగుతుంది. చాలామంది పొరబడేది దీని తర్వాతే. స్తంభం కొస నుంచి గదిలోని రూటర్ దాకా సన్నని యాంటెన్నా కేబుల్ దించితే సిగ్నల్ బలంలో సగానికి మించి దారిలోనే హరించుకుపోతుంది కనుక, రూటర్‌నే నీరు చొరని పెట్టెలో యాంటెన్నా పక్కన అమర్చి, విద్యుత్తును, సమాచారాన్ని కలిపి మోసే ఈథర్నెట్ తీగను కిందికి దించడం మేలు. ఉప్పుగాలికి అతుకులు తుప్పు పట్టకుండా ప్రతి అతుకునూ రబ్బరు టేపుతో గట్టిగా చుట్టాలి.

టవర్లు అందని చోట ఉపగ్రహాలే దిక్కు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున, ఒకేచోట నిలిచినట్లు కనిపించే భూస్థిర ఉపగ్రహంతో మాట్లాడాలంటే డిష్ ఎప్పుడూ దానివైపే గురిపెట్టి ఉండాలి. గాలికి ఒరిగే, అలకు ఊగే చిన్న పడవలో అది కష్టం. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాలు ధ్రువాల వరకూ అందుతాయి గాని, వాటి పాత ఫోన్లలో వేగం చాలా తక్కువ కావడంతో చిన్న వాతావరణ పటాలకు, ఉత్తరాలకే అవి సరిపోతాయి. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ వంటి వ్యవస్థల్లో బల్లపరుపు యాంటెన్నా తాను కదలకుండానే తరంగాల దిశను మార్చుకుంటుంది కాబట్టి వీడియోలు సైతం సాధ్యమవుతాయి. భారత జలాల్లో మాత్రం ప్రభుత్వ అనుమతి లేని ఉపగ్రహ ఫోను వాడటం నేరమని నావికులు మరువరాదు.

అసలు చిక్కు కరెంటు దగ్గర వస్తుంది. 75 వాట్ల ఉపగ్రహ యాంటెన్నా రోజంతా పనిచేస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 150 ఆంపియర్-గంటలు లాగేస్తుంది. చిన్న పడవ మీది సౌరఫలకాలకు అది మోయలేని భారం. అందువల్ల అవసరమైన వేళల్లోనే దాన్ని ఆన్ చేసి, నావిగేషన్ దీపాలకు, రేడియోకు వేరే బ్యాటరీ ఉంచుకోవాలి.

ఎంత మంచి వైఫై ఉన్నా ప్రాణరక్షణను దానికి అప్పగించకూడదు. 406 మెగాహెర్ట్జ్‌పై ఆపద సంకేతం పంపే ఎపిర్బ్ పరికరం సొంత బ్యాటరీతో, ఏ చందా లేకుండా పనిచేస్తుంది. తీరానికీ పడవకూ మధ్య ఇరువైపులా సందేశాలు నడిపే ఇస్రో ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. వేటకు వెళ్ళే మన తీరపు మత్స్యకారులు వినోదపు ఇంటర్నెట్ కంటే ముందు ఈ ట్రాన్స్‌పాండర్‌ను పడవలో బిగించుకోవాలి.