ఆలస్యంగా వచ్చే బలం

దక్షిణ అండమానులోని జిర్కాటాంగ్ వద్ద తెల్లవారుజామునే వాహనాలు బారులు తీరుతాయి. అక్కడినుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. ఆ బాటపై ఏ వాహనమూ ఒంటరిగా వెళ్లరాదు. అన్నీ రక్షకభటుల వెంట వరుసగా సాగాలి, గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, ముందున్న బండిని దాటరాదు, మధ్యలో ఆగరాదు. వానకు తడిసిన మలుపులు, ఎత్తుపల్లాలు, ఏ క్షణాన్నయినా అడవిలోనుంచి బాటపైకి రాగల మనుషులు - ఇదీ అక్కడి ప్రయాణం.

ఇటువంటి దారిలో తిరిగే డీజిలు జీపుకు కొత్త టర్బోచార్జరు అమర్చదలచిన యజమాని సాధారణంగా అడిగేది, “ఎంత బలం పెరుగుతుంది?” అని. అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఆ బలం ఎప్పుడు అందుతుంది?

ఇంజను నుంచి వృథాగా పోయే పొగకు పని కల్పించవచ్చునని స్విట్జర్లండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచి గుర్తించి, 1905లో పేటెంటు పొందాడు. పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసనున్న చక్రం బయటి గాలిని ఒత్తిపట్టి ఇంజనులోకి పంపుతుంది. ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండుతుంది. అదే ఇంజను అధిక శక్తినిస్తుంది.

అయితే ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలవు. పెడలు నొక్కిన తరువాత అవి తగిన వేగం పుంజుకొనే వరకు పట్టే వ్యవధినే ‘లాగ్’ అంటారు. ఆకారమూ, లోహమూ మారకుండా చక్రపు వ్యాసం 10 శాతం పెరిగితే, దాని తిరుగుడును నిరోధించే జడత్వం సుమారు 60 శాతం పెరుగుతుంది. పెద్ద టర్బో సోమరితనానికి ముఖ్యకారణం ఇదే.

ట్రంక్ రోడ్డుపై నెమ్మదిగా సాగే బండిలో ఇంజను తక్కువ చుట్లలోనే తిరుగుతుంది. పొగ కూడా తక్కువే. పెద్ద టర్బో మేలుకోదు. ఎత్తు ఎక్కుతూ డ్రైవరు పెడలును మరింత నొక్కుతాడు. కొంతసేపు ఏమీ జరగదు; ఆపైన బలమంతా ఒక్కసారిగా వచ్చిపడుతుంది. తడిసిన మలుపులో, ముందు బండికి కొద్ది గజాల దూరంలో, అటువంటి బలం ప్రమాదహేతువు.

కనుక అక్కడికి చిన్న చక్రాలు, ఇరుకైన టర్బైను గూడు ఉన్న టర్బో మేలు. ఇరుకుదారిలో పొగ వేగం పెరిగి చక్రం త్వరగా కదులుతుంది. ఘర్షణ తక్కువగల బాల్ బేరింగులు మరికొంత తోడ్పడతాయి. వేగాన్నిబట్టి పొగదారిని వెడల్పు చేసి, కుదించే కదిలే రెక్కల టర్బో రెండు గుణాలనూ కలుపుతుంది. కాని దాని వెల ఎక్కువ, మసి పట్టితే రెక్కలు బిగుసుకుంటాయి. చిన్న టర్బోకూ లోపం లేకపోలేదు. ఎక్కువ చుట్లలో అది పొగకు అడ్డుపడి గరిష్ఠశక్తిని తగ్గిస్తుంది. విజయవాడ - హైదరాబాదు రహదారిపై గంటల తరబడి వేగంగా నడిచే బండికి ఇది కొరతే. 40 కిలోమీటర్ల హద్దుగల బాటలో ఆ నష్టం లెక్కకు రాదు.

కొనడానికి ముందు పాతదాన్ని పరీక్షించడం వివేకం. గాలిగొట్టంలో చిన్న చీలిక, మూసుకుపోయిన ఫిల్టరు, మసితో బిగుసుకున్న రెక్క - వీటిలో ఏది ఉన్నా లాగ్ పెరుగుతుంది. విశాఖపట్నానికి సుమారు 1200 కిలోమీటర్ల సముద్రం అవతల, విడిభాగం చెడితే ఓడ కోసం ఎదురుచూడవలసిన చోట, ఈ జాగ్రత్త విలువ మరీ ఎక్కువ. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు విధిస్తున్నది గనుక, రవాణా అధికారిని ముందే సంప్రదించడం మంచిది.

జిర్కాటాంగ్ గేటు తెరుచుకున్నప్పుడు అన్ని బండ్లకూ వేగం ఒక్కటే. పాదం ఎంత కోరితే అంతే, కోరిన క్షణానే ఇచ్చే ఇంజనే ఆ వరుసలో ఉత్తమమైనది.